ఆదివారాల కోసం ఒక రాయి

గుండె మీద రాయి పెట్టుకుని బతుకుతున్నాను అంటుంటారు. ఆ మాట ఎవరైనా అన్నప్పుడల్లా నాకు లోపల నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. ఎందుకంటే నాది నిజంగా రాయే. పిడికిట్లో పట్టేంత రాయి. దాని గురించి నేనొక అబద్ధం ఆడాను. ఆ అబద్ధం వల్ల ఒక మనిషి చదువు ఆగిపోయింది, పేరు పాడైంది. ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ బతికుండగా అమ్మకు చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడలేరు, మధ్యలో ఆపి అదేంటి అలా ఎలా చేశావని అడగలేరు. ప్రస్తుతానికి నాకు కావలసింది ఆ మాత్రం చాటు.

పుట్టి పెరిగింది తార్నాకలో. నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంటి నుంచి స్కూటీ మీద యూనివర్సిటీకి వెళ్లి జియాలజీలో పీహెచ్‌డీ చేశాను. నేను పని చేసినవి ఖమ్మం అవతల అడవి కొండల్లోని రాళ్లు. వందల కోట్ల ఏళ్ల నాటివి. ఒకప్పుడు భూమి లోపలికి చాలా లోతు దిగిపోయి, పైనున్న బరువుకు నలిగి, రూపం మారి, మళ్లీ ఏనాటికో పైకొచ్చినవి. వాటిలో ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. మధ్య మధ్య కయనైట్ అనే నీలం పలకలుంటాయి. ఆ నీలం కనబడిందంటే ఆ రాయి మామూలు ఒత్తిడి చూడలేదని అర్థం. కేవలం వేడికి అది పుట్టదు.

దానియేలు నా బ్యాచ్. జనగామ వైపు పల్లె, క్రైస్తవ కుటుంబం, క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడు. అతనికి ఇచ్చిన పరిశోధన హైదరాబాద్ గ్రానైట్ మీద. అంటే మన చుట్టూ ఉన్న ఈ గుండ్రటి బండలే. అందరూ అతన్ని ఆటపట్టించేవాళ్లు. నీకేంరా, హాస్టల్ కిటికీ తెరిస్తే ఫీల్డ్ వర్క్ అయిపోతుంది అనేవాళ్లు. అతనూ నవ్వేవాడు. కానీ అందులో కొత్తగా చెప్పడానికేమీ మిగల్లేదని అతనికి తెలుసు, లోపల బాధపడేవాడు. నన్ను మాత్రం ఖమ్మం మేడమ్ అని పిలిచేవాడు. ఖమ్మంలో నాకు చుట్టాలు కూడా లేరు.

నాకు అతనంటే ఇష్టం. ఆ మాట అతనికి చెప్పలేదు. ఇంట్లో ఒప్పుకోరని చెప్పలేదంటే అది సగం నిజం. చెప్పాక అతను కాదంటే ఏం చేయాలన్నది మిగతా సగం. ఏ సగం పెద్దదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక మే నెలలో స్టోర్ రూము ఖాళీ చేయమన్నారు. పని అయిపోయిన రాళ్లను గోనెసంచిలో కట్టుకుని క్యాంపస్ బయట చెత్తకుప్పలో పడేయాలి. మా గైడ్ మరీ మరీ చెప్పారు, క్యాంపస్ బండల మధ్య మాత్రం వెయ్యొద్దమ్మా, రేపు ఎవడో చూసి ఇక్కడిదే అనుకుంటాడని. మా పనిలో అదొక నియమం. ఎక్కడి నుంచో తెచ్చిన రాయిని ఇంకో రాళ్ల మధ్య పారేయకూడదు. తలుపు దగ్గర చెప్పులు విడిచినంత మామూలుగా పాటిస్తాం. నేను పాటించలేదు. ఎండ మండిపోతోంది, సంచి బరువుకు స్కూటీ ఊగుతోంది, కుప్ప దాకా వెళ్లాలంటే బద్ధకం వేసింది. మాణికేశ్వర్ నగర్ వైపు క్యాంపస్ గోడకు లోపలి పక్కన పొదల్లో సంచి బోర్లించి చేతులు దులుపుకున్నాను. ఇంటికొచ్చి తలస్నానం చేసి నిద్రపోయాను.

వానాకాలం గడిచింది. ఒక శనివారం మధ్యాహ్నం దానియేలు డిపార్ట్‌మెంట్లో నా గదికొచ్చాడు. చొక్కా తడిసి ఉంది, మోకాళ్ల దాకా ఎర్రమన్ను. అరచెయ్యి తెరిచాడు.

గార్నెట్లు, నీలం పలకలు. ఒక గార్నెట్‌ను సరిగ్గా మధ్యకు చీల్చుకుంటూ తెల్లటి గీత. ఆ గీత వల్లే అది నా పనికి అక్కరకు రాదని పక్కన పెట్టాను. మే నెలలో నేను బోర్లించిన సంచిలోదే.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"గోడ దిక్కు, పెద్ద బండ కింద. వానకు మన్ను కొట్టుకపోయింది, గిది బయటపడ్డది." రాయిని నా కళ్ల దగ్గరికి తెచ్చాడు. "మన గ్రానైట్ల గిసుంటిది ఉండుడేంది? నీ రాయి కాదు గదా?"

అడగాల్సిన మాట అతను అడిగాడు. మొదటే అడిగాడు. నేనేమన్నానో వినండి.

"నా రాళ్లు ర్యాకులో ఉన్నాయి."

చూశారా? అందులో అబద్ధం ఎక్కడుంది? నా రాళ్లు ర్యాకులోనే ఉన్నాయి, పారేసినవి తప్ప. అంత తెలివి ఆ క్షణంలో నాకు ఎక్కడి నుంచి వచ్చిందో. గైడ్ తిడతారన్న భయం అది, కాదనను. ఆ భయం ఒక రోజు భయం. మర్నాడు నవ్వుతూ, ఒరేయ్ నాదేరా అది, అనేయవచ్చు. అనేదాన్నేమో కూడా.

"నువ్వన్నవంటే చాలు," అన్నాడు. "రేపు ఐతారం. పొద్దుగాల వస్తవా? జాగ చూపిస్త."

"చర్చికి పోవా?"

"రెండో ఆరాధనకు పోత తీ. నువ్వు రా ఖమ్మం మేడమ్. గీ రాళ్లు నీకే తెలుస్తయి."

వస్తానన్నాను. అప్పటిదాకా అతను నన్ను ఎక్కడికీ రమ్మనలేదు.

ఆ సాయంత్రమే స్కూటీ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. మిగిలిన రాళ్లన్నీ పొదల్లోనే ఉన్నాయి. అతను ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే మొత్తం చూసేవాడు, నవ్వుకునేవాడు, కథ అక్కడితో అయిపోయేది. చేతులు గీరుకుపోతున్నా ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకున్నాను. చెత్తకుప్ప దాకా వెళ్లి పడేశాను. ఎండాకాలంలో బద్ధకించిన పని ఆ రోజు పరుగెత్తి చేశాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారాల గురించి ఎలా చెప్పను? పొద్దున్నే క్యాంపస్ రోడ్డంతా వాకింగ్‌కు వచ్చినవాళ్లు. వాళ్లను దాటుకుని మేమిద్దరం బండల వైపు మళ్లేవాళ్లం. అతను ముందు నడిచేవాడు, ముళ్లకంప అడ్డొస్తే కాలితో తొక్కిపట్టి నేను దాటేదాకా నిలబడేవాడు. అతని ఊహ ఇది: ఈ గ్రానైట్ ఒకప్పుడు కరిగి పైకి వస్తూ, కింద ఉన్న ఇంకా పాత నేల ముక్కొకటి తనతో తెచ్చింది. అంటే తార్నాక కింద, ఈ ఊరంతటి కింద, ఎవరూ చూడని పాత నేల ఒకటుంది. ఒకప్పుడు ఎంతో లోతు వెళ్లొచ్చిన నేల. ఆ మాట చెబుతున్నప్పుడు అతను కాలి కింద చూసేవాడు. నేను అతన్ని చూసేదాన్ని.

అతని భూతద్దం నల్ల బూటు లేసుకు కట్టి మెడలో వేలాడుతుండేది. దాన్ని కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరికి తెచ్చుకుని చూడాలి. నా దగ్గరా ఒకటి ఉంది. కావాలనే ఇంట్లో వదిలి వచ్చేదాన్ని. చూడాలంటే అతని పక్కన ఆనుకుని నిలబడాలి కదా. సబ్బు వాసన, తడి మన్ను వాసన. అతని ఊపిరి నా నుదుటికి తగిలేది. పదే పదే, ఇంకోసారి చూడనీ అనేదాన్ని. మామూలు గ్రానైట్ ముక్కను ఎవరైనా అన్నిసార్లు చూస్తారా? అతనికి అనుమానమే రాలేదు.

మధ్యలో వాళ్ల అమ్మ ఫోన్ చేసేది. చర్చికి పోయినవా బిడ్డా అని. పోతున్ననే అనేవాడు, నాకేసి చూసి నాలుక కరుచుకుని. అతని చేత కూడా చిన్న చిన్న అబద్ధాలు ఆడించాను నేను. తర్వాత మన్ను బూట్లతోనే తార్నాక చర్చిలో రెండో ఆరాధనకు వెళ్లేవాడు. నేను ఇంటికొచ్చేసి, మళ్లీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే చూసేదాన్ని. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. పెళ్లయ్యాక కూడా. మా ఆయన మంచివాడు, ఈ కథలో ఆయనకు పని లేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే బావుండు. నోరు విప్పనందుకు తిడతారు, వయసు అలాంటిదని కొంచెం జాలి కూడా పడతారు. కానీ ఇంకొకటి ఉంది. ఇది రాసే ముందు లేచి వెళ్లి నీళ్లు తాగొచ్చాను. వచ్చి కూర్చుని మళ్లీ లేచాను.

వారాలు గడిచినా ఇంకేమీ దొరకలేదు. దొరకదు కదా. ఒక ఆదివారం అతను బండ మీద కూలబడి, ఇగ చాలు, ఒక్క ముక్క పట్టుకొని ఎంత తిరుగుతం, నా గ్రానైట్ పని నేను చేసుకుంట అన్నాడు. మంచి మాట. అతను బాగుపడే మాట. సరే పోనీలే అని ఒక్కమాట అని ఉంటే థీసిస్ పూర్తిచేసి, ఏదో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాడు. నేను, వచ్చే వారం ఒక్కసారి చూద్దాం, చివరిసారి అన్నాను.

శనివారం నా ర్యాకులోంచి ఒక రాయి తీశాను. పనికిరానిది కాదు, మంచిదే. దాని మీది పెయింటు నంబరు గీకేశాను. గోడకు కొంచెం దూరంగా, రెండు బండల సందులో దాన్ని దూర్చి, మట్టి మెత్తి, పైన ఎండుటాకులు జల్లాను. పిల్లలు ఆటలో దాస్తారే, అలా.

మర్నాడు అతన్ని అటు నేనే నడిపించాను. చూసింది మాత్రం అతనే, ఆ గెలుపు అతనిదే కావాలని నేను పక్కకు తిరిగి నిలబడ్డాను. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత ఒక అరుపు. రాయిని గుండెకు హత్తుకుని కింద కూర్చుండిపోయాడు. కళ్లనిండా నీళ్లు. ప్రభువా అన్నాడు. లేచి వచ్చి నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు, మట్టి చేతులతో. అతను నన్ను ముట్టుకున్నది ఆ ఒక్కసారే. ఆ చేతుల కోసమే ఆ రాయి పెట్టాను. అది తెలిసి కూడా నాకు సిగ్గు వేయలేదు ఆ రోజు. ఆనందం వేసింది. అది కదా నేను మోస్తున్నది.

రాయిని కోసి, గాజు పలకకు అతికించి, వెలుతురు అవతలికి పోయేంత పల్చగా అరగదీస్తేనే మైక్రోస్కోపు కింద చూడగలం. మా మిషను పాడైపోయి ఉంది. అతను గరుకు పొడి వేసుకుని చేత్తోనే అరగదీశాడు, రోజుల తరబడి. వేళ్ల చివర్ల తోలు లేచిపోయింది. నేను పక్కన కూర్చుని బ్యాండేజీ చుట్టాను.

మైక్రోస్కోపులో చూశాక అతనికి అనుమానమొచ్చింది. ఇది కరిగిన గ్రానైట్‌లో ఉండి ఉంటే ఆ వేడికి అంచులు మారిపోవాలి గదా, మారలేదేంది అన్నాడు. నిజమైన పరిశోధకుడికి రావలసిన అనుమానం. నాకు తెలిసిన విద్య అంతా అప్పుడు బయటికి తీశాను. తొందరగా పైకొచ్చి చల్లారి ఉంటుంది, మారడానికి సమయం చిక్కలేదేమో అన్నాను. నిజమేనేమో అన్నాడు. ఈ రాళ్ల సంగతిలో అతనికి నా మాటే వేదం. గ్రానైట్ పని పక్కన పెట్టేశాడు.

డిపార్ట్‌మెంట్లో సెమినార్ ఇచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చాలా బాగా చెప్పాడు. చివర్లో బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మెత్తగా మాట్లాడే మనిషి, గ్రానైట్‌లో ఇరుక్కుని ఉండగా చూశారా అని అడిగారు. లేదు సర్, పక్క మట్టిలో అన్నాడు దానియేలు. ఇలాంటివి నేను ఖమ్మం అవతల చూశాను, ఇక్కడెవరైనా వాటి మీద పని చేస్తున్నారా అన్నారాయన. తలలన్నీ నా వైపు తిరిగాయి. మా గైడ్ అడిగారు, నీ గదిలోంచి రాళ్లేమైనా పోయాయామ్మా అని.

దానియేలు నన్నే చూస్తున్నాడు. భయంగా కాదు. ఇప్పుడు చెబుతుంది, అయిపోతుంది అన్నట్టు, ధీమాగా.

"చూసుకోవాలి సర్," అన్నాను.

అంతే. దొంగ అని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా నేనే చేశాను. మొదటిది నేను పారేసినది, రెండోది నేను పెట్టినది అని లేచి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పోనీ, ఏమీ పోలేదు సర్ అని ఇంకో అబద్ధమైనా ఆడవచ్చు కదా, అతని కోసం? అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, అతనికి పనికొచ్చే ఒక్కటి మాత్రం ఆడలేకపోయాను.

బయట వరండాలో నా దగ్గరికొచ్చాడు. కోపం లేదు. "మంచిగ చూసుకో. ఒక్కటి గూడ తక్కువ లేదని సార్‌కు చెప్పు. గంతే," అన్నాడు. నా రాళ్లు లెక్క పెడితే తన మీది మచ్చ పోతుందని అతని నమ్మకం. ర్యాకులో ఒకటి తక్కువ ఉందని నాకు తెలుసు. గైడ్ మళ్లీ అడగలేదు, నేను చెప్పలేదు. డిపార్ట్‌మెంటు మాత్రం అతనితో మాట్లాడటం తగ్గించింది. పరుపు చుట్టుకుని అతను హాస్టల్ ఖాళీ చేసిన సంగతి నాకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆ ఆదివారం కూడా గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఎండెక్కేదాకా ఉన్నాను.

నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, అదే క్యాంపస్‌లో పాఠం చెబుతున్నాను. అతను కనబడకపోతే ఇది ఇలాగే నాతో పోయేదేమో. నిన్న తార్నాకలో మా వీధిలో అపార్ట్‌మెంట్ వాళ్లు బోరు వేయించారు. వీధంతా బూడిదరంగు దుమ్ము. కిటికీ మూయాలని వెళ్తే, రిగ్గు పక్కన ఒక మనిషి ప్లాస్టిక్ మగ్గులో బోరు పొడి కడిగి, అరచేతిలో పోసుకుని, భూతద్దంతో చూస్తున్నాడు. గడ్డం నెరిసింది. నిలబడ్డ తీరు చూసి పోల్చుకున్నాను. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగాను.

"బాగున్నరా మేడమ్?" అన్నాడు. ఖమ్మం పోయింది, మేడమ్ మిగిలింది. నువ్వు అనే పిలుపు కూడా పోయింది.

బోర్లకు నీళ్ల జాగ చూపించే పని చేస్తున్నాడట. గిరాకీ బాగానే ఉందట. చేతిలో ఏంటని అడిగాను, తెలిసీ.

"ప్రతి బోర్ల చూస్త మేడమ్. మౌలాలిల చూసిన, నల్లకుంటల చూసిన. యాడనో ఒక దగ్గర తగులుతది. కింద ఉన్నది గా పాత నేల. ఎవలు నమ్మకున్నా, మనిద్దరం కండ్లార చూసినం గదా."

చాయ్ తాగి వెళ్లమన్నాను. ఇంకో చోటికి పోవాలన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, ఎల్లుండి నల్లకుంటలో బాగా లోతు బోరు పడుతుందని, వీలైతే రమ్మని, ఈ రాళ్ల విషయంలో నా కన్నే మంచిదని అన్నాడు. అప్పుడు నాకేమైందో చెప్పనా? ముందు సిగ్గు కలగాలి కదా, ఏడుపు రావాలి కదా. ఆ శనివారం మధ్యాహ్నంలాగే మనసు ఎగిరి గంతేసింది. రమ్మన్నాడు, మళ్లీ రమ్మన్నాడు అని. ఈ వయసులో. అతనికి ఇంత చేసినదాన్ని.

చెబితే అతను ఇన్నేళ్లు వెతికిన నేల పోతుంది. చెప్పకపోతే ఊళ్లో ప్రతి బోరు దగ్గరా ఇంకా వంగి నిలబడతాడు. ఇదంతా అతని మంచికోసం ఆలోచిస్తున్నానని నన్ను నేను మోసం చేసుకోవచ్చు. నిజం అది కాదు. చెప్పాక అతను ఇంకెప్పుడూ నన్ను రమ్మని పిలవడు. అప్పుడు ఏ ఆశతో అబద్ధమాడానో, ఇప్పుడూ ఆ ఆశే అడ్డం పడుతోంది.

రేపు నల్లకుంట వెళ్తాను. చెప్పాలనే వెళ్తాను. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఏపాటిదో మీరు చూశారు కదా. ఈ పొద్దున క్లాసు లేని గంటలో గది తలుపు వేసుకుని పైకి అని చూశాను. దానియేలూ, కింద ఏమీ లేదు. మొదటిది నేను పారేశాను, రెండోది నేను పెట్టాను. మాట పూర్తయింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఛాతీ నిండా ఊపిరి అందింది. అతను మాత్రం ఆ సమయానికి ఏదో ఒక వీధిలో బోరు పక్కన నిలబడి, మగ్గులో రాతిపొడి కడుగుతూనే ఉండి ఉంటాడు.